తానీషా అక్కడ తిట్టు, ఇక్కడ తలంబ్రాలు

హిందీ వార్తల్లో, ఊరేగింపుల్లో, నిరసనకారులు పట్టుకున్న అట్టల మీద ఒక మాట తరచూ కనిపిస్తుంది: తానాషాహీ. అంటే నియంతృత్వం. తానాషా అంటే నియంత. ఆ పేరునే మా వైపు తానీషా అంటారు. ఏటా శ్రీరామనవమికి భద్రాద్రి కల్యాణంలో ముత్యాల తలంబ్రాలు పోసేటప్పుడు భక్తిగా తలుచుకునే పేరది. రాముడు, లక్ష్మణుడు రామోజీ, లక్ష్మోజీలుగా వచ్చి రామదాసు బాకీ తీర్చి, రసీదు రాయించుకుపోయింది ఈయన దగ్గరే అని కథ. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ కుతుబ్‌షా ఒక్కడే మనిషి. గోదావరి ఒడ్డున పుణ్యాత్ముడు, ఉత్తరాదిలో తిట్టు.

ఈ సంగతి తట్టిన నాటి నుంచి నన్ను వదలడం లేదు. చర్లలో ఉండేవాళ్లకు ఇది ఎక్కడో పుస్తకాల్లో ఉండే ముచ్చట కూడా కాదు. చర్ల దాటితే ఛత్తీస్‌గఢ్. మిరప కోతలకు అటు నుంచి కూలీలు గుంపులుగా దిగుతారు. సంతలో తెలుగు, కోయ, హిందీ పక్కపక్కనే బేరమాడతాయి. అటునుంచి వచ్చిన కుర్రాడు మొండి మేస్త్రీని తానాషా అని విసుక్కుంటే, పక్కనున్న తెలుగు ముసలాయనకు రామదర్శనం దొరికిన ధన్యుడు గుర్తుకొస్తాడు. అసలు చర్లే ఒకప్పుడు అటువైపు ఊరు. నూగూరు, అల్బాక, చర్ల తాలూకాలు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో చాందా జిల్లా కింద ఉండేవి. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దంలో వాటిని మద్రాసు కింద గోదావరి జిల్లాకు మార్చారు. 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చాం, 2016లో భద్రాద్రి కొత్తగూడెం అయ్యాం. నాగపూర్ ఏలుబడి నుంచి హైదరాబాద్ ఏలుబడి దాకా వచ్చిన ఊరికి ఒకే పేరుకున్న రెండు అర్థాలూ సొంతమే.

ఇప్పుడు నిఘంటువు తెరవండి. తానాషా: నియంత. అయిపోయింది. నిఘంటువు పని అర్థం చెప్పడం, చెప్పింది. కానీ ఆ మాట వెనకున్న మనిషి, ఊరు, చెర, పాట, బాకీ ఎక్కడ పెట్టాలి? ‘జాతీయాలకు విజ్ఞాన సర్వస్వంలో చోటెందుకు, అవి నిఘంటువులో ఉంటే చాలు’ అనే పండితుల మాట చాలాసార్లు విన్నాను. అన్నింటికీ అక్కర్లేదన్నది నాకూ సమ్మతమే. నత్తనడకకు వ్యాసం దేనికి? నత్తను చూసినవాడికి అర్థమవుతుంది. కానీ కొన్ని మాటల వెనక ఒక మనిషి బతుకో, ఒక ఊరి గతమో, ఒక గ్రంథమో దాగి ఉంటుంది. అలాంటి మాటకు అర్థం ఒక పంక్తి అయితే చరిత్ర నాలుగు పేజీలు. ఆ నాలుగు పేజీలు ఎవరో ఒకరు రాయాలి.

తానీషా సంగతే చూద్దాం. అబుల్ హసన్ సింహాసనం ఎక్కుతాడని ఎవరూ అనుకోలేదు. కుతుబ్‌షాహీ బంధువే గానీ, షా రాజు అనే సూఫీ గురువు దగ్గర ఏళ్ల తరబడి శిష్యుడిగా కాలం గడిపాడు. తానాషా అన్న ముద్దుపేరు పెట్టింది ఆ గురువేనంటారు. అబ్దుల్లా కుతుబ్‌షాకు కొడుకులు లేరు. మూడో కూతురికి పెళ్లి కుదిరింది, ఏర్పాట్లన్నీ అయ్యాయి. అంతలో పెద్దల్లుడికీ కాబోయే అల్లుడికీ చెడింది. ఈ పెళ్లి జరిగితే వెళ్లి ఔరంగజేబుతో కలుస్తానని పెద్దల్లుడు పట్టుబట్టాడు. ముహూర్తం దాటిపోకూడదని పెళ్లికొడుకునే మార్చేశారు. గురువు ఆశ్రమంలో ఉన్న అబుల్ హసన్‌ను పిలిపించి పీటల మీద కూర్చోబెట్టారు. 1672లో మామ పోగానే, దర్బారులో పెద్దలు ఈ అల్లుడి వైపే మొగ్గారు.

తర్వాతి పదిహేనేళ్ల మీద నాకు మహా మోజు. దక్కనులో అంత చిత్రమైన కాలం ఇంకొకటి లేదు. సుల్తాను పేరుకు సుల్తాను. రాజ్యం నడిపింది అక్కన్న, మాదన్న అనే హనుమకొండ వైపు బ్రాహ్మణ అన్నదమ్ములు. 1677లో శివాజీ హైదరాబాద్ వచ్చి ఈయనతో చేతులు కలిపాడు. సుల్తాను మచిలీపట్నం వైపు వెళ్లినప్పుడు కూచిపూడి భాగవతుల ఆట చూసి, ఆ ఊరిని వాళ్లకే అగ్రహారంగా ఇచ్చాడని కూచిపూడివాళ్లు ఈనాటికీ చెప్పుకుంటారు. ఔరంగజేబుకు మండింది ఇందుకే. పాలన బ్రాహ్మణ మంత్రుల చేతుల్లో వదిలేశాడు, భోగాల్లో మునిగాడు, మరాఠాలకు సాయపడ్డాడు అని నేరాలు మోపాడు. గమనించండి, అధికారం మంత్రులకు వదిలేశాడన్నది ఆయన మీద పడ్డ నింద. అలాంటివాడి పేరు, అధికారంలో గోరంతైనా ఎవరికీ వదలని వాడికి పేరయింది! పాత ఉర్దూ వాడుకలో తానాషా అంటే సుకుమారి, నాజూకు మనిషి. భోగి అన్న నింద నుంచి సుకుమారి అన్న అర్థం రావడం సహజం. అక్కడి నుంచి నియంత దాకా ఎలా జారిందో అడుగడుగూ చూపించే పని ఒక మంచి వ్యాసానిది. నా ఊహ ఒకటి చెబుతాను: గెలిచినవాళ్ల ఊళ్లలో ఓడినవాడి పేరు మంచి అర్థంతో మిగలడం అరుదు.

గోల్కొండ కోట ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687లో పడింది. శత్రువు ద్వారం దాటి లోపలికి వచ్చాడు. మొఘల్ సర్దార్లు దర్బారులోకి రాగానే అబుల్ హసన్ వాళ్లను మర్యాదగా కూర్చోబెట్టి, వేళయింది, భోజనం చేసి వస్తానన్నాడట. తిన్నాడు కూడా. ఇలాంటప్పుడు అన్నం ఎలా సయిస్తుందని ఒక సర్దారు ఆశ్చర్యపోతే, సుఖమిచ్చినవాడే కష్టమూ ఇచ్చాడు, రెండూ ఆయనవేనని నెమ్మదిగా జవాబు చెప్పాడని ఖాఫీ ఖాన్ రాశాడు. రాసినవాడు మొఘలుల వైపు చరిత్రకారుడు. పొగడాల్సిన అవసరం లేనివాడు చెప్పింది కనుక నాకు దీని మీద నమ్మకం ఎక్కువ. తర్వాత ఆయన్ను దౌలతాబాద్ కోటకు తరలించారు. సుమారు పన్నెండేళ్ల చెర తర్వాత అక్కడే పోయాడు. ఖుల్దాబాద్‌లో సమాధి చేశారు. ఆ తర్వాత పదేళ్లు గడవకముందే ఔరంగజేబు సమాధి కూడా అదే ఊళ్లో వెలిసింది.

పన్నెండేళ్లు అనగానే భద్రాద్రివాళ్లకు వెంటనే గుర్తొచ్చేది వేరు. రామదాసుగా పేరొందిన కంచర్ల గోపన్న గోల్కొండ చెరలో గడిపిందీ పన్నెండేళ్లే అని ప్రతీతి. నేలకొండపల్లివాడు, అక్కన్న మాదన్నల మేనల్లుడంటారు. పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వచ్చాడు. పుట్టలో రాముణ్ణి కనుగొని పందిరి వేసి పళ్లు పెట్టింది పోకల దమ్మక్క అయితే, ఆ పందిరిని గుడి చేసింది గోపన్న. శిస్తు కింద వసూలైన సర్కారు సొమ్ము ఆరు లక్షలు గుడికి పెట్టాడన్నది కథ. ఖైదు చేయించినవాడు, ఖైదైనవాడు ఇద్దరూ చెరే చూశారు. ఒకరు విడుదలై భద్రాద్రి చేరారు, ఒకరు చెరలోనే పోయారు.

‘ఎవడబ్బ సొమ్ము’ అనే మాటను మనం రోజూ వాడతాం. కరెంటు స్తంభం విరిగినా, ప్రభుత్వ డబ్బు వృథా అయినా, ఇంట్లో పిల్లవాడు దుబారా చేసినా అదే మాట. రామదాసు దాన్ని తిన్నగా రాముడి మీదికే విసిరాడు. ఆ కీర్తన వినేటప్పుడు నన్ను కట్టిపడేసేది దాని లెక్కలు. ఎవరికి ఏ నగ చేయించాడో, దానికెంత పట్టిందో వరసబెట్టి చెబుతాడు. సీతమ్మ చింతాకు పతకానికి పదివేల మొహరీలట. అచ్చం తహసీల్దారు చిట్టాలాగే ఉంటుంది. రెవెన్యూ ఉద్యోగి దేవుణ్ణి నిలదీస్తే ఎలా ఉంటుందో తెలుగులో అదొక్కటే సాక్ష్యం. ఆఖరికి దెబ్బలకు తాళలేక తిట్టానని బాధపడి క్షమించమంటాడు. ఆ నగల్లో కొన్ని ఇప్పటికీ భద్రాద్రి ఆలయంలో ఉన్నాయి. చింతాకు పతకాన్ని చూస్తే ఆ మాట మీకు మళ్లీ పాతబడదు.

దీనికి తోబుట్టువు కైంకర్యం. వైష్ణవంలో కైంకర్యమంటే స్వామికి చేసే సేవ, అంతకంటే గొప్ప పని లేదు. ఈనాటి పేపరు తిరగేయండి: ‘నిధులు కైంకర్యం’ అంటే మింగేశారని. గోపన్న మీద కేసు ఈ ఒక్క మాటలోనే ఇమిడిపోతుంది. ఆయన చేసింది మొదటి కైంకర్యం, గోల్కొండ దర్బారుకు కనబడింది రెండో కైంకర్యం. శఠగోపం కూడా అంతే. నమ్మాళ్వారుకు శఠకోపుడని పేరు. గుళ్లో తీర్థం ఇచ్చాక అర్చకస్వామి మన తల మీద ఆనించే కిరీటం లాంటి గిన్నెకు ఆయన పేరే పెట్టారు. దాని మీద స్వామి పాదుకలుంటాయి. భగవంతుడి పాదాలు ఆళ్వారు రూపంలో మన నెత్తిన సోకడమన్నమాట. అంత పవిత్రమైనది బజార్లోకి వచ్చేసరికి ‘వాడు నాకు శఠగోపం పెట్టాడు’ అంటే మోసం చేశాడని అయింది. పంగనామాలదీ ఇదే దారి. డబ్బు పోతే గోవిందా అంటాం. ఒకే మతసంప్రదాయంలోని ఇన్ని మాటలు ఒకే దిక్కుకు, డబ్బు పోవడమనే దిక్కుకు, ఎందుకు వాలాయి? గుడికీ డబ్బుకూ ఉన్న సంబంధాన్ని సామాన్యుడు కళ్లు తెరిచి చూశాడని నేననుకుంటాను. నాలుగు మాటలను ఒకచోట పెట్టి చూస్తేనే ఈ విషయం బయటపడుతుంది. నిఘంటువులో అవి నాలుగు అక్షరాల కింద విడివిడిగా పడి ఉంటాయి.

భద్రాచలం నుంచి చర్ల వచ్చే దారిలో దుమ్ముగూడెం మండలంలో పర్ణశాల ఉంది. వనవాసంలో సీతారాములు కాపురమున్న చోటుగా చూపిస్తారు. సీతమ్మ వాగు ఒడ్డున రాళ్ల మీద చీర చారలు, పసుపు కుంకుమల రంగులు చూపిస్తారు. యాత్రికులు వంగి ఆ రాళ్లను వేలితో తడిమి కళ్లకద్దుకోవడం ఎప్పుడు వెళ్లినా కనబడుతుంది. అక్కడ తప్పకుండా వినబడే మాట లక్ష్మణరేఖ. దాటకూడని హద్దుకు దేశమంతా వాడే జాతీయమిది. సుప్రీంకోర్టులోనూ వినబడుతుంది, పార్లమెంటులోనూ వినబడుతుంది. కానీ వాల్మీకి రామాయణంలో ఆ గీత లేదు. అక్కడ లక్ష్మణుడు సీతను వనదేవతలకు అప్పగించి వెళ్తాడు, అంతే. తెలుగులో పదమూడో శతాబ్దపు రంగనాథ రామాయణంలో గోన బుద్ధారెడ్డి గీతలు గీయించాడు. ఉడతాభక్తి కూడా వాల్మీకిలో లేదు. ఇసుకలో పొర్లి సేతువు మీద దులుపుకున్న ఆ ఉడత కూడా రంగనాథ రామాయణంలోనే ఉంది. ద్విపదలో రాసి పామరుల నోటికి అందించిన కావ్యం కనుక అందులోని కథలు జాతీయాలై నిలబడ్డాయి. వాల్మీకిలో లేవు కాబట్టి పుక్కిటి పురాణాలని కొట్టిపారేసేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఏ మూలంలో లేదో, ఏ మూలంలో ఉందో చెప్పడం వేరు, విలువ లేదనడం వేరు.

బుద్ధారెడ్డి తర్వాత ఐదారు వందల ఏళ్లు కావ్యాల్లో నుడికారం కొల్లలుగా దొరుకుతుంది గానీ, దాన్ని పనిగట్టుకుని ఏరి పెట్టాలన్న ఆలోచన పుస్తకరూపంలో రావడానికి పంతొమ్మిదో శతాబ్దం పట్టింది. సి.పి. బ్రౌన్ 1852 నాటి తెలుగు నిఘంటువులో పండితుల మాటల పక్కనే బజారు మాటకు చోటిచ్చాడు. 1868లో కెప్టెన్ ఎం.డబ్ల్యూ. కార్ మద్రాసులో ‘ఆంధ్రలోకోక్తి చంద్రిక’ అచ్చువేశాడు. తెలుగు సామెతలు, వాటికి అనువాదం, అవసరమైనచోట వెనకున్న కథ. సైన్యంలో ఉద్యోగం చేసే మనిషి చేసిన పని అది. ఆ తర్వాత రెండేళ్లకే, 1870లో, ఇంగ్లండులో బ్రూవర్ తన భాషలోని పలుకుబళ్ల పుట్టుపూర్వోత్తరాలతో ఒక పెద్ద పుస్తకం తెచ్చాడు. అది ఈనాటికీ కొత్త కూర్పులతో వస్తూనే ఉంది. ప్రతి తరంలో ఎవరో ఒకరు దాన్ని దిద్దుతున్నారు, పెంచుతున్నారు. కార్ పుస్తకాన్ని అలా ఎత్తుకున్నవాళ్లు మనకు లేరు. మొదలు మనది రెండేళ్లు ముందు, ఇప్పుడు నూటయాభై ఏళ్లు వెనక.

విజ్ఞాన సర్వస్వం అనగానే కొమర్రాజు లక్ష్మణరావుకు దండం పెట్టాలి. పెనుగంచిప్రోలులో పుట్టి, నాగపూర్‌లో చదివి, మునగాల సంస్థానంలో దివాను పని చేసి, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి, చివరికి ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ను తలకెత్తుకున్నాడు. ‘అ’ అక్షరం దాటకముందే 1923లో, నలభయ్యారేళ్లకే కన్నుమూశాడు. ఆ ఒక్క అక్షరంలోనే ఎన్ని జాతీయాలో చూడండి: అగస్త్యభ్రాత, అరణ్యరోదన, అడవి గాచిన వెన్నెల, అంధగజ న్యాయం, అష్టకష్టాలు. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు ఆ పనిని కొంత ముందుకు నడిపాడు. స్వాతంత్ర్యం వచ్చాక తెలుగు భాషా సమితి సంపుటాలు వచ్చాయి, ఖండవల్లి లక్ష్మీరంజనం సంపాదకత్వంలో సంగ్రహ ఆంధ్ర విజ్ఞానకోశం వచ్చింది. సమితి సంపుటాలను విషయాలవారీగా కూర్చారు. చరిత్ర ఒక సంపుటం, శాస్త్రం మరొకటి. శఠగోపాన్ని ఏ శాస్త్రం కిందికి తేవాలి? మతమా, భాషా, అర్థశాస్త్రమా? ఏ అరలోనూ పట్టదు, అందుకే బయట మిగిలిపోయింది. తెలుగు వికీపీడియా 2003లో మొదలైనా అక్కడా ఇదే తర్కం. మాటల అర్థాలైతే విక్షనరీకి వెళ్లమంటారు. నాళము కృష్ణారావు, తిరుమల రామచంద్ర, బూదరాజు రాధాకృష్ణ లాంటివాళ్లు జాతీయాల మీద, నుడుల మీద చేసిన పని చేతిలో ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటంలో వ్యవసాయం మాటలను ఊరూరా తిరిగి పోగు చేయించి, ఏ మాట ఏ జిల్లాదో చూపించిన పద్ధతి మన ముందుంది. లోటల్లా వీటిని కలిపి వ్యాసాలుగా రాయకపోవడంలోనే ఉంది.

లక్షల మాటలు వచ్చి పడతాయన్న భయానికి జవాబు కొలమానం పెట్టుకోవడమే. ఆ మాట ఎక్కడ మొదట కనబడిందో చెప్పగలమా? అర్థం మారితే ఎప్పుడు, ఎందుకు మారిందో చూపగలమా? దాని వెనక మనిషో, చోటో, గ్రంథమో ఉందా? ఈ మూడింటిలో రెండు ఉంటే వ్యాసం పెట్టాలి. ఈ లెక్కన ‘భగీరథ ప్రయత్నం’ ఒక్కటే పెద్ద వ్యాసం. పురాణ కథతో మొదలై, ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్‌ను గోదావరి జనం అపర భగీరథుడన్న కాలం మీదుగా, 2016లో తెలంగాణ ఇంటింటి నల్లా పథకానికి మిషన్ భగీరథ పేరు పెట్టడం దాకా వస్తుంది. ‘కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడం’ అనే మాటకైతే మా వైపు పటాలూ కావాలి, అంకెలూ కావాలి. 1965లో భద్రాచలం వంతెన వచ్చేదాకా ఇక్కడ ఏరు దాటడమంటే పడవే గతి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు. 2022 జులైలో 71 దాటింది. 53 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక. ఇక్కడివాడి నోట ఆ సామెత వస్తే ఆషామాషీగా రాదు, వరదను చూసినవాడి మాటగా వస్తుంది. తాలిపేరు వాగు పొంగి రోడ్డు తెగిన రోజుల్లో ఊరి అరుగు మీద ఆ మాటకున్న బరువు వేరు. ఆ బరువు ఎక్కడిదో వ్యాసం చెప్పాలి.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది కోయ మాట. ఈ అడవిలో తెలుగుకంటే ముందు నుంచీ ఉన్న భాష అది. దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ 1870లలో ‘ఇండియన్ యాంటిక్వరీ’లో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి వరసగా రాశాడు. వనవాసంలో భీముడు అడవిపిల్లను చూసి మనసుపడ్డాడనీ, వాళ్ల సంతానమే తామనీ కోయలు చెప్పినదాన్ని నమోదు చేశాడు. తెలుగువాడికి భీముడు తిండికి, బలానికి జాతీయమైతే, కోయవాడికి ఇంటి పెద్ద. స్టీఫెన్ టైలర్ 1969లో గొమ్ము కోయ మాండలికానికి వ్యాకరణం ప్రచురించాడు. వ్యాకరణం వచ్చింది గానీ కోయ జాతీయాల మీద పెద్ద సంకలనం ఒక్కటీ మన ఇళ్లలోకి రాలేదు. పెద్దవాళ్లు పోతున్నారు. పిల్లల చదువు తెలుగులో, సినిమాలు తెలుగులో, ఫోను హిందీలో. ఇప్ప పూల కాలంలో ఏమనేవారో, విత్తనాల పండుగకు ఏ మాట ఎవరి మీద విసిరేవారో అడిగి రాసుకోవడానికి మిగిలిన గడువు చాలా తక్కువ.

అందుకని నేను కోరేది ఇది. చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో రెండు భాషలూ వచ్చిన టీచర్లున్నారు, డిగ్రీ చదివిన కోయ పిల్లలున్నారు. ముందు కోయ మాటలు సేకరించాలి: మాట, చెప్పినవారి ఊరు, ఏ సందర్భంలో అన్నారు, దానికి వాళ్లు చెప్పే కథ. ఆ పక్కనే తానీషా, ఎవడబ్బ సొమ్ము, కైంకర్యం, శఠగోపం, లక్ష్మణరేఖ, ఉడతాభక్తి. కట్టుకథైతే కట్టుకథని రాయాలి, ఆధారముంటే ఆధారం చూపాలి. తానీషా వ్యాసం నేను మొదలుపెట్టాను. అందులో హిందీ అర్థానికి ఒక భాగం, భద్రాద్రి అర్థానికి ఒక భాగం, ఖుల్దాబాద్ సమాధికి ఒక పేరా ఉంటాయి.